ట్రోగన్ గూటి ముందు

నవంబర్ 8
అడవి రిజర్వ్ గేటు తెరవగానే లోపలికొచ్చాం. స్టీరింగ్ నాది, బైనాక్యులర్ ముజీ అన్నయ్యది. గ్లకోమా వల్ల అన్నయ్యకి పక్కచూపు పోయింది. ఎదురుగా ఉన్నదొక్కటే కనిపిస్తుంది. అదీ ఎక్కువ కాలం ఉండదట. అది పోయేలోగా ట్రోగన్ పిట్టని చూడాలని వాడి కోరిక. కారు గుంతలో పడ్డప్పుడల్లా, ఒసేయ్, కళ్ళు పోతున్నది నాకా నీకా అని తిట్టాడు.

నవంబర్ 9, మధ్యాహ్నం
గూడు దొరికింది. రోడ్డు పక్కనే మేడిచెట్టు తొర్ర, లోపల పిల్లలు. తండ్రిపిట్ట వాటిమీదే కూర్చుని బయటికి రావడం లేదు. పొద్దుటి నుంచీ కాచుకుని కాచుకుని అన్నయ్య సీట్లోనే కునుకు తీశాడు.

నేను కిటికీలోంచి ఫోన్ బయటపెట్టి ట్రోగన్ కూత రికార్డింగ్ వేశాను. రిజర్వ్‌లో అది నిషేధం. ఎందుకో నాకు తెలుసు. పోటీకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది గూడు వదిలేస్తుంది.

వదిలేసింది. ఎదుటి కొమ్మ మీద వాలింది. ఫోన్ ఆపేసి అన్నయ్యని లేపాను. ఎంత ఎరుపే తల్లీ ఆ పొట్ట, అని ఏడ్చేశాడు.

అప్పుడే తొర్ర మీదికి బూడిదరంగు గద్ద వచ్చింది. కాలు లోపలికి పెట్టింది. అన్నయ్య చూపు అటు పోలేదు. ఏమైందే, అలా ఉలిక్కిపడ్డావ్ అన్నాడు. చీమ కుట్టిందన్నాను.

నవంబర్ 9, సాయంత్రం
క్యాంపులో ఏ జంతువు ఎక్కడ కనిపించిందో గుర్తుపెట్టే మ్యాప్ బోర్డు ఉంది. అన్నయ్య మేడిచెట్టు దగ్గర మాగ్నెట్ పెట్టేశాడు. ఓపిక ఉంటే పిట్ట దానంతట అదే వస్తుందని అందరికీ పాఠం చెప్పాడు. నేను మాంసం కాలుస్తూ కూర్చున్నాను.

నవంబర్ 10
మేడిచెట్టు ముందు కార్ల వరస. డర్బన్ నుంచి వచ్చిన ఒకావిడ పిల్లల నోరు మూయించి, బిస్కెట్లు కూడా చప్పుడు కాకుండా తినమంటోంది. అందరూ ఖాళీ తొర్ర వంకే చూస్తున్నారు. నా మీద నాకే అసహ్యం వేసింది.

నవంబర్ 11
ఇవాళా చెప్పలేదు.

నవంబర్ 12
కారు ఆపి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నేను చూళ్ళేదుగా, నువ్వు చూశావుగా, మొత్తం చెప్పవే అన్నాడు.

చెప్పాను. గద్ద కాలు ఎలా వంగిందో, ఏ పిల్లని ముందు లాగిందో. తండ్రిపిట్ట ఏం చేసిందని అడిగాడు.

ఫోన్ కూతకి ఇంకా జవాబిస్తూనే ఉందన్నాను.