కంబళి కింద బాణీ

మాస్టారూ,

బ్యాండులో అందరూ మిమ్మల్ని అలాగే పిలుస్తారు. పెళ్ళయ్యాక నేనూ ఆ పిలుపు మార్చుకోలేదు. ఇక మార్చుకునే అవసరమూ కనిపించడం లేదు. అక్క ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. "ఏమైందే, చెప్పి చావు" అని అక్క నిన్నటినుంచీ అడుగుతూనే ఉంది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని నోరు మూసుకున్నాను. మీకు మాత్రం చెప్పి తీరాలి.

సినిమాల్లో గొప్పవాళ్ళ విందులకు జాజ్ వాయించడమే మన బతుకు. ముందు స్టూడియోలో రికార్డు చేస్తాం. తర్వాత సెట్లో, హీరో హీరోయిన్ల మాటలకు అడ్డు రాకుండా వాయిస్తున్నట్టు నటిస్తాం. మీ ట్రంపెట్‌లో ఊపిరి ఉండదు, డ్రమ్ము మీద తీగ కుంచెలు ఆనవు, నా పియానో మోగకుండా తీగల్లో దళసరి కంబళి దూరుస్తారు. "పార్టీ జాజ్ అంటే గదిలో ఏసీ లాంటిది. ఉన్నట్టు తెలియకూడదు, ఆపితే ఉక్కపోయాలి. ఒక్కడు తలతిప్పి విన్నాడా, మనం చెడగొట్టినట్టే" అంటారు మీరు. పాటకు ఆ సూత్రం సరే. కాపురానికి కూడా దాన్నే పెట్టారు.

బిడ్డ కడుపులోనే పోయి, నేను ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే షూటింగ్ ఒప్పుకున్నారు. "కెమెరా నీవైపే ఉంది, కాస్త నవ్వు" అన్నారు. నవ్వాను. ఆ రోజుల్లోనే ఇంట్లో ఒక బాణీ కట్టుకున్నాను. మీకు వినిపిస్తుంటే సగంలో లేచి వెళ్ళి కిటికీ మూశారు. ఇరుగుపొరుగు వింటారని. తిరిగొచ్చి, "బాగుంది గానీ, కాస్త తీపి వెయ్యి" అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఇంత బాధ ఉండదు, పాపం వాడికి నిజంగానే వినబడదు. మీరు గ్లాసుకు గ్లాసు తగిలితే అది ఏ స్వరమో చెప్పగల మనిషి.

మొన్న సెట్లో మళ్ళీ అవే దీపాలు, అవే గ్లాసులు, మీ నోట మళ్ళీ అదే "నవ్వు". ఒళ్ళు మండింది. కంబళి ఉందిగా, ఎవరికి తెలుస్తుందిలే అని, మీ పాట వదిలేసి నా బాణీ వాయించాను. ప్రతి టేకులోనూ అదే. పక్కనే మీరు ఉత్త ట్రంపెట్ పట్టుకుని, కళ్ళు మూసుకుని ఊగుతున్నారు. నా వేళ్ళకేసి ఒక్కసారైనా చూడలేదు. ప్యాకప్ అనగానే నేరుగా ఇక్కడికి వచ్చేశాను.

నాకోసం రావద్దు. బ్యాండుకు వేరే మనిషిని వెతుక్కోండి.

మీ పియానో


పిల్లా,

ఇన్ని నెలలకు రాస్తున్నాను. నీ కోపం ఎక్కడికి తెచ్చిందో విను. గొడవపడుతున్న హీరో హీరోయిన్లను వెనక పెట్టి, ముందు నీ చెయ్యి తెరనిండా కనబడేలా ఒక పొడుగు షాట్ తీశారు. ఎడిటర్ నన్ను పిలిచి, "మాస్టారూ, చెయ్యి ఒక దారి, పాట ఒక దారి!" అన్నాడు. డైరెక్టర్ ఆ షాట్ తీసేయడానికి ససేమిరా ఒప్పుకోలేదు. వేళ్ళకు తగ్గట్టు పాటే మారుస్తానని నేను మాటిచ్చాను.

ఆ ముక్కను తిప్పి తిప్పి చూస్తూ, నువ్వు నొక్కిన మెట్టు నొక్కినట్టు రాసుకున్నాను. నాలుగు స్వరాలకే అది ఏ బాణీయో తెలిసిపోయింది. ఎడిటర్ ఉన్నాడన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. తప్పు నాదే. నీ చోట కొత్తగా వచ్చిన అమ్మాయి చేత వాయింపించి రికార్డు చేశాను. ఒక్క స్వరం కూడా మార్చలేదు, ఒట్టు.

శుక్రవారం సినిమా వస్తోంది. వెళ్ళి విను. అది నీ బాణీ కాకపోతే రావద్దు. అయితే మాత్రం వచ్చెయ్, ఇల్లు బోసిపోయింది.

నీ మాస్టారు


మాస్టారూ,

అబద్ధమెందుకు, మీ ఉత్తరం చదివి పెట్టె సర్దుకున్నాను. "రెండు మంచి మాటలకే కరిగిపోయావా?" అని అక్క నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. సినిమా చూసి అటునుంచి అటే బండెక్కుదామని అక్కను వెంటబెట్టుకుని, పెట్టె హాలుకే తీసుకెళ్ళి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

విందు సీను వచ్చింది. తెరనిండా నా చెయ్యి. మొదటి స్వరానికే నాకు ఏడుపు ఆగలేదు. నిజమే, మీరు ఒక్కటీ మార్చలేదు. ముందు వరసలో పక్కావిడతో కబుర్లాడుతున్న ఒకాయన మాట ఆపి తెరకేసి చూశాడు. మీ సూత్రం ప్రకారం అక్కడే చెడింది. నాకు మాత్రం ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది.

కానీ ఆ షాట్‌లో కనిపించేది నా కుడిచెయ్యి ఒక్కటే. ఎడమచెయ్యి పియానో చాటున ఉంది. దాన్ని మీరు ఊహించుకుని వేశారు. మొదటి సగం సరిగ్గానే వేశారు, అది ఇంట్లో విన్నదే కాబట్టి. అడుగున ఒకే స్వరం, చిన్న గుండె కొట్టుకుంటున్నట్టు. సగం దాటాక కూడా అది ఆగలేదు. మెత్తగా, తియ్యగా, మంచి విందు జాజ్‌లా చివరిదాకా నడుస్తూనే ఉంది. ముందు వరస ఆయన మళ్ళీ కబుర్లలో పడ్డాడు.

నా బాణీలో ఎడమచెయ్యి సగంలో ఆగిపోతుంది మాస్టారూ. ఆగాక దాన్ని ఒళ్ళో పెట్టుకుంటాను. మిగిలిందంతా కుడిచెయ్యి ఒక్కటే వాయించాలి. అందుకోసమే ఆ బాణీ కట్టాను. అది వచ్చే వేళకు మీరు కిటికీ దగ్గర ఉన్నారు.

పెట్టె మోసుకుంటూ తిరిగి అక్క ఇంటికే నడిచాం. "పాట అంత బాగుంటే మళ్ళీ ఏమొచ్చిందే నీకు?" అని అక్క దారిలో అడిగింది. తీపి ఎక్కువైందని చెప్పాను.

ఇక మీ బ్యాండులో లేని
పియానో