రోహాయాను దీవికి పంపను

అక్కా, సలాం. ఇక్కడ అందరం బాగున్నాం, అక్కడ మిమ్మల్నీ అల్లా చల్లగా చూడాలి.

ఇక్కడ ఆస్ట్రేలియాలో, ఈ కటానింగు ఊళ్లో పెరిగితే పిల్ల తలమీద ముసుగు తీసేస్తుంది, కోకోస్ దీవికి నా దగ్గరికి పంపెయ్ అని రాశావు. పంపను. ఎందుకో విను. మొన్న ఊళ్లో గొర్రెల ప్రదర్శన జరిగింది. నా మనవరాలు రోహాయా బడివాళ్ల పొట్టేలును పట్టుకుని బరిలోకి దిగింది. "ఆ గుడ్డ ఎగిరితే జీవం బెదురుతుంది. తీసేసి రా, లేకపోతే బయటికి నడు" అన్నాడు జడ్జి దొర. నాకు ఒళ్లు మండి కంచె దాటబోయాను. "తాతా, నువ్వు కూర్చో!" అని అక్కణ్ణించే కసిరింది. ఆయనతో, "దీనికి సీసాతో పాలు పట్టింది ఈ ముసుగుతోనే సార్. ఇది బెదరదు. బెదిరింది మీరే" అంది. పదమూడేళ్ల పిల్ల! గుడ్డ కొసలు చొక్కాలోకి దోపుకుని, పొట్టేలు గడ్డం కింద చెయ్యి పెట్టి నిలబడింది. అది కదిలితే ఒట్టు. ఆయన మూడుసార్లు చుట్టూ తిరిగి, రెండో బహుమతి ఇచ్చాడు. నేను గొణుగుతుంటే, "మొదటిది నిజంగానే మంచి పొట్టేలు తాతా, ఊరుకో" అంది.

నీ మోకాలు ఎలా ఉంది? కారే రేకు మార్పించావా? ఎండుచేపలు పంపు. ముసుగు గుడ్డలు రెండు, ఆకుపచ్చవి, పంపు. ఉన్నదాన్ని ఆ పొట్టేలు నమిలేసింది. పిల్లను చూడాలనుంటే విమానం ఎక్కి నువ్వే రా.

పిల్లలకు దీవెనలు. మన ఆచారం ప్రకారం రోహాయా పుట్టిన నాడే నా పేరు పోయి దాని పేరు నాకొచ్చింది. ఆ పేరే కింద రాస్తున్నాను, చదువుకో.

నీ తమ్ముడు,
రోహాయా తాత