జాడీలో చెల్లెలు

మార్చి 4

కొత్త డీఎన్‌ఏ యంత్రం వచ్చింది. దుమ్ము పట్టకుండా కప్పడానికి గుడ్డ కావాలని పైకి రాశాం. గుడ్డ పరిశీలనలో ఉంది.

మార్చి 9, మధ్యాహ్నం

పనేమీ లేనందున మా పని గురించి రాసుకుంటున్నాను. మా ల్యాబుకు ప్రధానంగా రెండు మొక్కలతో వ్యవహారం. రెండూ తోబుట్టువులు. అక్క వేరు మోకాళ్ళ నొప్పికి మంచిది. చెల్లెలి వేరు కూడా నొప్పిని తగ్గిస్తుంది, కాకపోతే నిదానంగా కిడ్నీలను తినేస్తుంది. ఎండబెట్టి పొడి చేశాక ఏది ఏదో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

మేం పోల్చుకుంటాం. వచ్చిన పొడిని స్పిరిట్‌లో నానబెట్టి ప్లేటు మీద చుక్క పెడతాం. పక్కనే, మా జాడీలోని అసలు అక్క పొడి చుక్క. ప్లేటు అంచును ద్రావకంలో ముంచి నిలబెడితే చుక్కలు పైకి పాకుతాయి. రెండూ ఒకే ఎత్తుకు పాకి, దీపం కింద ఒకే రంగులో వెలిగితే పాస్. నేను సంతకం చేస్తాను. అది ప్యాకెట్ల మీద అచ్చవుతుంది.

జాడీ నాకంటే సీనియర్. దాన్ని ఎవరూ పరీక్షించరు. పెద్దవాళ్ళను కులాసా అడుగుతాం గానీ గుర్తింపు కార్డు అడగం కదా.

మా అత్తగారు ఆ ప్యాకెట్ల పొడే వాడతారు. దుకాణంలో ఎన్ని రకాలున్నా, మా అల్లుడి సంతకం ఉన్నదే ఇవ్వు నాయనా అంటారట.

మార్చి 12

జన్యువుల విభాగంలో కొత్తగా చేరినావిడ యంత్రాన్ని పరీక్షించాలనుకుంది. అనుమానానికి తావులేని నమూనా కావాలంది. జాడీ ఇచ్చాను.

యంత్రం చెల్లెలు అంది.

మార్చి 13

మళ్ళీ చేశాం. తోటలో పెరుగుతున్న అక్క ఆకునూ చెల్లెలి ఆకునూ తెచ్చి, వాటి పక్కన పెట్టి చూశాం. చెల్లెలే. లేబులు అంటించిన మహానుభావుడెవరో రెండు పొట్లాలూ తారుమారు చేసి, ప్రశాంతంగా రిటైరయ్యాడు.

అంటే ఇన్నాళ్ళూ చెల్లెల్ని తెచ్చినవాళ్ళకు సర్టిఫికెట్ ఇచ్చాం. అక్కను తెచ్చినవాళ్ళ సరుకు కల్తీ అని తగలబెట్టాం. శ్రద్ధగా చేశాం.

మార్చి 16

డైరెక్టరుగారికి నివేదించాను. జాడీ మీద లేబులుందా లేదా అన్నారు. ఉందన్నాను. యంత్రం వచ్చి ఎన్నాళ్ళయిందయ్యా అన్నారు. మొన్ననే అన్నాను. మొన్న వచ్చిన కోడలు మాట పట్టుకుని ఇంటి పెద్దను అనుమానిస్తామా అన్నారు. సమావేశంలో అందరూ నవ్వారు. మినిట్స్‌లో నవ్వు నమోదైంది.

తీర్మానం: యంత్రాన్ని మరమ్మతుకు పంపాలి. దాని ఫలితాలు రద్దు. అంతవరకు జాడీయే ప్రమాణం.

ఇక సంతకం చేయనన్నాను. ఎందుకయ్యా నీకా శ్రమ, స్కాన్ చేసి పెట్టుకున్నాంగా అన్నారు. చాలా ఆప్యాయంగా అన్నారు.

మార్చి 17

ఇంట్లో చెప్పాను. అత్తగారు మురిసిపోయారు. ఇంత వినయమైతే ఎలా అల్లుడుగారూ, ఎవరైనా తమ సంతకాన్ని తామే తిట్టుకుంటారా అన్నారు. పొడి మహిమ చూడమంటూ మేడమెట్లు గబగబా ఎక్కి, పైనుంచి నాకు చెయ్యూపారు.

నొప్పి నిజంగానే తగ్గింది. చెల్లెలి పద్ధతే అంత.

మార్చి 21

ప్యాకెట్లు అటక మీద దాచాను. సాయంత్రానికి బావమరిది సంచెడు తెచ్చాడు. మా బావ సంతకమేనని చెబితే దుకాణంవాడు లేచి నిలబడ్డాడట. అమ్మ నోటి దగ్గరది లాక్కుంటావేం బావా, నీకిదేం బుద్ధి అన్నాడు.

మా ఆవిడ మాత్రం నెమ్మదిగా అడిగింది. మీరు చెప్పేది నిజమైతే దీనిమీద మీ సంతకం ఎందుకుందండీ అని.

జవాబు పరిశీలనలో ఉంది.

ఏప్రిల్ 2

అత్తగారి పాదాలు వాచాయి. చెప్పులు పట్టడం లేదు.

ఏప్రిల్ 6

పదిహేను రోజుల కింద ఆరోగ్యశాఖకు నేను పంపిన ఫిర్యాదు, సాంకేతిక అభిప్రాయం నిమిత్తం అధీకృత ల్యాబుకు వచ్చింది. అధీకృత ల్యాబు మాదే. ఫైలు నా బల్ల మీదకే వచ్చింది. ఫిర్యాదుదారుడు చెప్పినదంతా అక్షరసత్యమని రాసి పైకి పంపాను. ఫిర్యాదుదారుడూ అభిప్రాయకర్తా ఒకరే అయినందున చెల్లదని వెనక్కి వచ్చింది.

ఏప్రిల్ 9

ఆస్పత్రి. అత్తగారి ముఖం కూడా వాచింది. వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడిగాడు. అత్తగారు దిండు కింద నుంచి ప్యాకెట్టు తీసి, మనవణ్ణి చూపించినట్టు చూపించారు.

నేను మొత్తం చెప్పాను: జాడీ, లేబులు, యంత్రం, ఆకులు. డాక్టరు ఓపికగా విన్నాడు. కాగితం ఏదైనా ఉందా సార్ అన్నాడు. రద్దు చేశారన్నాను. అతను ప్యాకెట్టు తిప్పి సర్టిఫికెట్ చదివాడు. ఇది టెస్ట్ చేసిందే కదా, మీకు అనవసరపు భయం, కారణం ఇంకెక్కడో వెతుకుదాం అన్నాడు. కింద సంతకం అర్థం కావడం లేదు, ఎవరిదండీ అని నన్నే అడిగాడు.

అత్తగారు నాకంటే ముందే చెప్పేశారు.

ఏప్రిల్ 14

యంత్రం బాగై వచ్చింది. జాడీని చూపించి, ఇదే అక్క అని దానికి నేర్పారట. ఇప్పుడు ఒప్పుకుంటోంది.

అత్తగారి పొడి నర్సు కలిపింది. నా చేత్తో అయితేనే తాగుతానన్నారట. గ్లాసు పట్టుకున్నాను.