ముగ్గులో ఇమడని ఎర్రపూస

కిరందుల్

చిరంజీవి సీతారాములుకు అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నాన్నా కులాసానే. గని దుమ్ముకు ఆయన దగ్గు అట్లాగే ఉంది, బీడీ మాత్రం మానడు. మొండిమనిషి! నీ పెళ్లాం గంగే, పిల్ల జోగే ఇంకా ఆవపల్లి పుట్టింటి నుంచి రాలేదు.

నువ్వు రాయపూర్ నుంచి పంపిన పూసలదండ అందింది. జోగే జబ్బు దీంతో అర్థమైందా అని అడిగావు. ఏమనుకున్నావురా మీ అమ్మను! నెత్తుట్లో ఉండే ప్రొటీన్ అంటే దండ. తెల్లపూసకు నీళ్లంటే ఇష్టం, ఎర్రదానికి గిట్టదు. అందుకని దండ మడతపడి ఎర్రవాటిని లోపల దాచుకుంటుంది. గళ్లకాగితం మీద మడిచి చూడమన్నావు. నాకు గళ్లెందుకు? వాకిట్లో చుక్కలు పెట్టి, చుక్కకొక పూస చొప్పున పరిచాను.

"ఏందక్కా, మిట్టమధ్యాహ్నం ముగ్గేంది?" అని పక్క క్వార్టర్ భద్రమ్మ నవ్వింది.

"నా మనవరాలి నెత్తురు చూస్తున్ననే," అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

ఎట్లా తిప్పినా ఒక ఎర్రపూస బయటే మిగిలింది. ముగ్గుల్లో చెయ్యి తిరిగినదాన్ని, నాకు రాకపోవడమేమిటని ఉక్రోషమొచ్చింది. మూడుసార్లు చెరిపాను. నీ ఉత్తరం మళ్లీ చదివితే తెలిసింది, తెల్లది ఉండాల్సినచోట పడ్డ ఎర్రపూస అదేనని. అది బయట ఉండి పక్క దండను అంటుకుంటుందట, అట్లా గొలుసుకట్టి నెత్తురు కణాన్ని కొడవలిలా వంచుతుందట. జోగేకు కాళ్లనొప్పులు అందుకేనట. పసిది ఎంత ఏడ్చేదిరా!

ఇంక నీ రెండో ప్రశ్న. ఈ జబ్బు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుందని రాశావు. రక్తపరీక్షలో నీకూ ఆ సగం తేలిందన్నావు. అది నాన్న వైపుదా, నా వైపుదా అని అడిగావు.

నా వైపుదే నాయనా. నిరుడు టౌన్‌షిప్‌లో రక్తపరీక్షల క్యాంపు పెట్టినప్పుడే నాకు ఆ సగం ఉందని చీటీలో రాసిచ్చారు. బియ్యం డబ్బా అడుగున దాచాను, నాన్నకూ చెప్పలేదు. ఆ చీటీ ఇంట్లో ఉంచుకుని కూడా నేను గంగేను, "మీ నెత్తురే అసోంటిది, మా ఇంట్ల ఎవలకున్నది?" అన్నాను. ఆ పిల్ల "నా నెత్తుర్ని నేనే తీస్కపోత అత్తా," అని జోగేను చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నీకు ఈ మాట రాయడానికి ఇన్నాళ్లు పట్టింది, సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నువ్వు గంగేకు నచ్చజెప్పే ఉత్తరాలు రాయకు. రేపు పొద్దుటి బస్సుకు నేనే ఆవపల్లి పోతున్నాను, చీటీ, దండ పట్టుకుని. వాళ్ల వాకిట్లో చుక్కలు పెట్టి, బయట మిగిలిన ఆ పూస మీద వేలు పెట్టి, "ఇది నా నెత్తురు బిడ్డా," అంటాను.

ఇట్లు,
నీ అమ్మ, జోగే నాయనమ్మ,
నాగేశ్వరమ్మ