చీనావాళ్ళ హోటల్లో గంజి

కలకత్తా,
మంగళవారం, ఫిబ్రవరి 1968.

పూజ్యులైన అత్తయ్యగారి పాదాలకు మీ కోడలు ప్రసూనాంబ నమస్కరించి రాసుకునేది.

శృంగవరపుకోటలో మీరూ, మరిది వేంకటాచలం, మా చిన్నతల్లీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసా అని ఇంతకు ముందు ప్రతి ఉత్తరంలోనూ రాశాను. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. పనులన్నీ ముగించుకుని, ఒకచోట కూర్చుని, మీరొక్కరే చదవండి.

ముందు మీరు అడిగిన వాటికి చెబుతాను. మీరు పంపిన శొంఠిపొడి అందింది. కారం తగిలితే మీ అబ్బాయికి గొంతు భగ్గుమంటోంది, అందుకని వాడలేదు. చలి కాస్త తగ్గింది. మా బస అప్పలసూరి గదిలోనే. మన పొలం చేసే జగన్నాధం కొడుకు, ఇక్కడ రేవులో పనిచేస్తున్నవాడు. తన గది మాకు వదిలేసి తోటివాళ్ళ దగ్గర తలదాచుకుంటున్నాడు. వాడు లేకపోతే ఈ మహాపట్నంలో మేం ఏమైపోయేవాళ్ళమో. చిన్నతల్లి పొద్దున్నే సంగీత సాధన మానేస్తోందని రాశారు. కేకలెయ్యకండి, బుజ్జగించి కూర్చోబెట్టండి. వంట ఎవరు చేస్తున్నారు, మడిగా జరుగుతోందా అన్నారు. శ్రీరామనవమికి అబ్బాయి కోవెల్లో పాడతాడా అన్నారు. ఈ రెంటికీ ఒక్క ముక్కలో జవాబు లేదు.

ఆయన గొంతులోది ఒట్టి పుండు కాదు, అత్తయ్యా. కేన్సరు. విశాఖపట్నంలోనే ఆ మాట అన్నారు. మీతో చెప్పే ధైర్యం లేక పుండని రాశాను. ఇక్కడ రేడియం పెట్టారు. దానితో లోపల పుండు మాడినట్టే ఉంది గానీ గుటక పూర్తిగా బిగుసుకుపోయింది. పాలు పోస్తే ముక్కులోంచి వచ్చేవి. నేను కుంపటి మీద అన్నం మెత్తగా వండి, పిసికి, వడగట్టి ఇచ్చినా రెండో గుక్కకి కళ్ళనీళ్ళు పెట్టుకుని గిన్నె తోసేసేవారు. మనిషి చిక్కి సగమయ్యారు. పెద్ద డాక్టరు నన్ను బయటకు పిలిచి, స్వరపేటిక తీసెయ్యాలి, వేరే దారి లేదన్నాడు. ఆ పైన మెడకు పెట్టిన కంతలోంచే ఊపిరి. మాట ఉండదు. "కానీ ఈ ఒంటితో బల్ల ఎక్కిస్తే తిరిగి దించలేను. ముందు తిండి పెట్టి బలం తీసుకురా తల్లీ" అన్నాడు. తిండే దిగని మనిషికి బలం ఎక్కణ్ణుంచి తెచ్చేది?

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నేను ఏడుస్తూంటే అప్పలసూరి చూశాడు.

"అమ్మగోరూ, బాబుగోరికి గుటక దిగితే సాలు గదా. నాను సెప్పిన సోటికి రండి. బౌబజారు పక్కన సీనావోల్ల హోటేలున్నాది. గింజ కరిగిపోయీదాకా గంజి కాస్తారు. జొరమొస్తే మా రేవోల్లందరం అదే తాగుతాం" అన్నాడు.

"చీనావాళ్ళ హోటలా! మేమా!" అన్నాను.

"ఏటి సేత్తామమ్మా మరి? ఇలాగే ఒగ్గేత్తామేటి?" అన్నాడు.

ఆ మాటకి లేచి, మీ అబ్బాయిని పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళాను. కాంటన్ నుంచి ఏనాడో వచ్చి స్థిరపడ్డవాళ్ళది ఆ హోటలు. సందులో ఇరుకుగా ఉంటుంది. వాకిట్లో అద్దం వెనక ఎర్రగా కాల్చిన బాతులు మెడలు వేలాడేసి ఉన్నాయి. నేను పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుని, తల దించుకుని లోపలికి వెళ్ళాను. రాతిబల్లల చుట్టూ జనం పుల్లలతో సేమ్యాలాంటిది గిన్నెల్లోంచి జుర్రుకుంటూ, గట్టిగట్టిగా కబుర్లాడుకుంటున్నారు. మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు. అడక్కుండానే పాలు లేని పల్చటి టీ తెచ్చి పెట్టారు. హోటలు నడిపేది ఒకావిడ. మీ వయసుంటుంది. అందరూ మాసీ, అంటే పిన్నీ, అని పిలుస్తారు. చైనాతో యుద్ధం నాడు ఆవిడ భర్తని చీనావాడని పోలీసులు రాజస్థానంలో క్యాంపుకి పట్టుకుపోయారట, అక్కడే జబ్బుచేసి పోయాడట. ఆవిడ రేడియంతో కమిలిన మీ అబ్బాయి మెడకేసి చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళింది.

తెల్లటి గంజి. గింజ కనబడదు. పైన దారాల్లా తరిగిన అల్లం. అల్లం తీసేసి పింగాణీ గరిటెతో కొంచెం నోట్లో పోశాను. మింగారు. దగ్గు వస్తుందని నేను గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. రాలేదు. మరో గరిటె. మరోటి. గిన్నె ఖాళీ చేసి ఆయన నాకేసి చూసిన చూపు, అత్తయ్యా, మన చిన్నతల్లి పుట్టిననాడు చూశాను, మళ్ళీ ఇప్పుడే.

ఇంటికి పట్టుకెళ్ళడానికి మరికాస్త అడుగుదామని నేను గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద పెద్ద డేగిసా. మాసీ గరిటె పెట్టి తిప్పుతూంటే అందులోంచి కోడి ఎముకల గూడు పైకి తేలింది.

చాపబోయిన గిన్నె వెనక్కి తీసుకున్నాను. ఆవిడ నా మొహం చూసి సంగతి గ్రహించింది. హిందీలో ఏదో అంటూంటే అప్పలసూరి తలొంచుకుని చెప్పాడు: "సాదా నీల్లతో కాసిమ్మన్నా కాసిత్తాదట. కాని ఒంటికి బలమొచ్చీది ఇందులోనే ఉన్నాదంటంది. మీ ఇష్టమంటంది అమ్మా."

తలుపు సందులోంచి ఆయన కనిపిస్తున్నారు. కోవెల్లో తరతరాలుగా పాటతో సేవచేసిన ఇంటి బిడ్డ. గోడకి ఆనుకుని, ఎన్నాళ్ళకో కడుపు నిండినట్టు కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను గిన్నె చాపి, "ఇదే పొయ్యండి" అన్నాను.

అత్తయ్యా, మీకు చెప్పలేక ఇన్నాళ్ళూ దాచినది ఇదే. ఆ రోజునుంచీ పూటపూటా ఆయనచేత అదే తాగిస్తున్నాను. ఏం వేశారని అడిగితే బియ్యమూ నీళ్ళూ అందామని మాట సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన ఒక్కనాడూ అడగలేదు.

ఒళ్ళు తేరుకుంది. నిన్న డాక్టరు చూసి, వచ్చే సోమవారం ఆపరేషన్ చేస్తానన్నాడు. మీ అబ్బాయి తల అడ్డంగా తిప్పేశారు. ఆయన మాట ఇప్పుడు గాలిలా వస్తుంది, చెవి దగ్గర పెడితే గాని వినబడదు. "గొంతు లేకుండా మన ఊరు వచ్చి నేను చేసేదేవిటి? నన్ను ఇలాగే తీసుకుపో" అన్నారు. డాక్టరు కోపగించుకుని వెళ్ళిపోయాడు. నేను బతిమాలాను, కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు.

అయినా గంజి వేళకి మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చున్నాం. గరిటె అందుకోబోయిన ఆయన చేతిని చూసేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. "మీకు ఇన్నాళ్ళూ ఏం పోస్తున్నానో తెలుసా? అది కోడిని ఉడకబెట్టిన నీళ్ళు! మీ ఇంటి ఆచారం నా చేతుల్తో మంటగలిపాను. రేపు మీ అమ్మగారి ఎదట ఎలా నిలబడాలో తెలియదు. ఇంత చేసింది మీరు చచ్చిపోతానంటే వినడానికా?" అని అరిచేశాను. తెలుగులో అరిచినా హోటలంతా చప్పుడు ఆగిపోయింది.

ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "మొదటిరోజే తెలిసిందే. పోయింది గొంతు గాని ముక్కు కాదు కదా" అన్నారు.

"మరెందుకు తాగేరు?"

గిన్నె దగ్గరకి లాక్కున్నారు. "బతకాలని ఉందే" అన్నారు.

ఇద్దరం అక్కడే, అంతమందిలో, బల్ల మీద తలలు పెట్టుకుని ఏడ్చాం. మాసీ వచ్చి చల్లారిన టీ పారబోసి, వేడిది పోసి వెళ్ళింది. గిన్నె పూర్తిచేశాక ఆయనే లేచి ఆసుపత్రికి దారితీశారు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టడానికి వెనకాడలేదు. బయటకు వచ్చాక మాత్రం అప్పలసూరీ నేనూ చెరోపక్కా పట్టుకుని నడిపించాం.

డాక్టరు భరోసా ఏమీ ఇవ్వలేదు. దేవుడి మీద భారం వెయ్యమన్నాడు. నేను వేస్తూనే ఉన్నాను, నాకు బరువు తగ్గడం లేదు. శ్రీరామనవమి సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. కోవెల వారికి మీరే ఏదో ఒకటి చెప్పండి. చిన్నతల్లికి మాత్రం నేను వచ్చాక చెబుతాను.

టెలిగ్రాం ఇద్దామని పోస్టాఫీసు దాకా వెళ్ళాను. టెలిగ్రాం అంటే మీ గుండె ఆగిపోతుందని, పైగా ఇదంతా అందులో పట్టదని, వెనక్కి వచ్చి ఇది రాస్తున్నాను. శుక్రవారానికి మీకు చేరుతుంది. చేరగానే మరిదిని వెంటబెట్టుకుని విజయనగరం వచ్చి మెయిలు ఎక్కండి. అప్పలసూరి హౌరా స్టేషన్లో ఉంటాడు. మడిబట్టలు, వంట సామాను అని ఆలస్యం చెయ్యకండి. నేను చేసిన పనికి ఎన్ని తిట్టినా పడతాను. కానీ ఆదివారం లోపల రండి. అమ్మ వస్తుందా అని పొద్దున్నుంచీ అడుగుతున్నారు. ఆయన నోటితో మిమ్మల్ని "అమ్మా" అని పిలవడానికి ఇంక ఆదివారం దాకే వీలుంది.

ఇట్లు,
మీ రాకకోసం ఎదురుచూస్తున్న
మీ పెద్దకోడలు
ప్రసూన