రెండు స్టేషన్ల రూలు

జూన్ 3, 2025

ఈరోజు కూడా మేనేజర్ కృష్ణమోహన్ క్లయింట్ల ముందు నన్ను 'మా న్యూట్రినో సైంటిస్ట్ మహిత' అని చూపించాడు, పెళ్లి ఊరేగింపులో బ్యాండు వాళ్లను ముందు నడిపించినట్టు.

న్యూట్రినోలు భూమి ఈ చివర నుంచి ఆ చివరకు దాటిపోయినా దేనికీ తగలవు. వాటిని పట్టడానికి కొండ కింద కడతామన్న ల్యాబ్ కాగితాల మీదే చచ్చిపోయింది. నాతో చదివినవాళ్లంతా డేటా కంపెనీల్లో చేరారు. నేనూ చేరాను. మాది పిడుగుల డేటా. మండలానికో స్టేషన్ మేఘాల్లో కరెంటు కొలుస్తుంది. పిడుగు పడేలా ఉంటే చేలల్లో ఉన్నవాళ్ల ఫోన్లు కూత పెడతాయి. ఒక్క వానాకాలం డేటా ముందు నా థీసిస్ పిడికెడు.

మా నాన్న, బాపు, కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. నాకు కంప్యూటర్ నౌకరి దొరికిందని మగ్గం దగ్గరకు వచ్చినవాళ్లందరికీ చెప్తున్నాడట. పీహెచ్‌డీ వచ్చినప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఒళ్లు మండింది.

జూన్ 6

వర్ధన్నపేట వెళ్లాను. ఇందిరమ్మ అక్కడ కూలీల ముఠాకు పెద్ద. ఆమె ఫోన్ కూస్తే ఆడవాళ్లందరూ చేను వదిలి వెళ్లాలి. ఈ వారం ఊరికే చాలాసార్లు కూసిందట. పిడుగు లేదు, చినుకు లేదు. ఆసామి కూలి కోశాడట. ఇదేం యాప్ బిడ్డా అని నన్ను పట్టుకుని కడిగేసింది.

జూన్ 7

రూలు రాశాను. న్యూట్రినోల దగ్గర నేర్చుకున్నదే. ఒక్క డిటెక్టర్ అరిస్తే నాయిస్, పక్కది కూడా అదే క్షణంలో అరిస్తేనే నిజం. ఇక్కడా అంతే. పక్కపక్క స్టేషన్లు రెండూ ఒప్పుకుంటేనే ఫోన్ కూస్తుంది.

చాలా రోజుల తర్వాత నేను ఫిజిసిస్టునని అనిపించింది.

జూన్ 12

తప్పుడు కూతలు దాదాపు లేవు. కృష్ణమోహన్ ఆఫీసంతా లడ్డూలు పంచాడు. నేనూ తిన్నాను.

జూన్ 14

పాలకుర్తి స్టేషన్ బ్యాటరీ పోయింది. వర్ధన్నపేటకు జోడీ అదే. అది మూగబోతే వర్ధన్నపేట ఎంత అరిచినా నా రూలు వినదు. బ్యాటరీ మార్చమన్నాను. కొత్త కాంట్రాక్టు వచ్చాక చూద్దామన్నాడు కృష్ణమోహన్. కనీసం ఆ వైపు రూలు తీసేస్తానన్నాను. పై ఆఫీసర్లకు డెమో ఉంది, అది అయ్యేదాకా ఏదీ ముట్టుకోవద్దన్నాడు.

సరేనన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. కొండ కింద ల్యాబ్ ఆగిపోయినప్పుడు కూడా ఇలాగే సరేనన్నాను.

జూన్ 17, సాయంత్రం 6

ఇందిరమ్మకు పెద్దులు అని ఒక తమ్ముడు. పత్తి చేనులో కలుపు తీసే గుంటుక తోలుతుంటే పిడుగు పడింది. దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు.

లాగ్ తెరిచాను. వర్ధన్నపేట స్టేషన్ ముందే అరిచింది. పిడుగు పడేదాకా అరుస్తూనే ఉంది. నా రూలు దాన్ని నాయిస్ అని రాసుకుంది.

ఫిజిక్స్‌లో ఒక ఈవెంట్ జారిపోతే ఎఫిషియెన్సీ తగ్గిందని పేపర్లో ఒక వాక్యం రాస్తాం. థూ.

జూన్ 19

రిపోర్టు రాయమన్నాడు కృష్ణమోహన్. నెట్‌వర్క్ సమస్య వల్ల అలర్ట్ అందలేదని రాయాలట. రైతుల ఫోన్లకు సిగ్నల్ ఉండదు కదా, ఎవరూ అడగరు అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, రూలు మీదే కదా మేడం, మిమ్మల్ని కాపాడుతున్నాను అని. నవ్వుతూ అన్నాడు. వాడి మొహాన ఎదురుగా ఉన్న చాయ్ కొట్టాలనిపించింది. కొట్టలేదు. రూలు నాదే అని రాశాను. బ్యాటరీ అడిగింది ఎప్పుడో, వద్దన్నది ఎవరో అది కూడా రాశాను. ఆఫీసులో అందరికీ మెయిల్ కొట్టాను.

బాపుకు చెప్పాను. నౌకరి పోతదా అని అడిగాడు. పోవచ్చన్నాను. ఆ పిల్లగానికి పిల్లలున్నారా అని అడిగాడు.

జూన్ 21

ఇందిరమ్మ ఇంటికి వెళ్లాను. తిడుతుందని వెళ్లాను. తిట్టించుకోవాలనే వెళ్లాను. రూలు ఎందుకు రాశానో, ఎలా పని చేస్తుందో అంతా చెప్పాను. ఊరికే కూస్తోందని గొడవ చేసింది తనే కదా అని మాత్రం అనలేదు. ఆమెకే గుర్తొచ్చింది.

"నేనే గద బిడ్డా లొల్లి జేసింది, ఫోను ఊకె మొత్తుకుంటాంది అని. మొత్తుకోనియ్యి. కూలి కోస్తె కొయ్యనియ్యి."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బస్సులో కూర్చున్నాక నా మీద, కృష్ణమోహన్ మీద, ఆ డెమో మీద, కట్టని ల్యాబ్ మీద, అన్నిటి మీదా కోపం ఒకేసారి వచ్చింది. ఏడ్చాను.

జూన్ 22

పొద్దున ఇంటి నుంచే అన్ని మండలాలకూ రూలు తీసేశాను. ఎవరినీ అడగలేదు. రేపటి నుంచి రావద్దని కృష్ణమోహన్ మెసేజ్. నా లాగిన్ ఇంకా తీసేయలేదు.

మధ్యాహ్నం వర్ధన్నపేట స్టేషన్ ఒక్కటే అరిచింది. మబ్బు లేదు. తప్పుడు కూతే. స్క్రీన్ మీది మ్యాప్‌లో, మా యాప్ ఉన్న ముఠా ఫోన్ల చుక్కలు ఒక్కొక్కటే చేను దాటి ఊరి వైపు నడుస్తున్నాయి.