మనవాళ్ళ బెలూను

ఒటీలియె అక్కకు,

సెన్సారు కంట పడకూడదని ఈ ఉత్తరం మనిషి చేత పంపుతున్నాను. తెచ్చినాయన లెఫ్టినెంట్ వెండెలిన్. కాలు నొప్పి, గుమ్మంలో నిలబెట్టకు. యుద్ధం పేరు చెప్పి టర్నిప్ దుంపలు పెట్టకుండా అటక మీద దాచిన పంది మాంసం దింపు. అమ్మ అడిగితే నా స్నేహితుడని చెప్పు.

నీకు మాత్రం నిజం చెబుతాను. మన ఊరి పత్రిక అచ్చువేసిన నా రెండు విజయాల్లో మొదటిది ఇంజను ఆగి తనంతట తానే కూలిన ఫ్రెంచి విమానం. రెండోదాన్ని నా వెనక వస్తున్నవాడు కొట్టాడు. నేను సొంతంగా కొట్టింది ఒక్కటే. రెండు నెలల క్రితం మబ్బులోంచి బయటికి రాగానే ఎదురుగా పెద్ద బెలూను కనపడింది. కాల్చేశాను. అది మనదే.

అందులోంచి శత్రువుల ఫిరంగులను గమనిస్తున్న ఈ వెండెలిన్ గారే పారాచూట్‌తో దూకి, బీట్‌రూట్ పొలంలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కింద ఉన్నవాళ్ళకు మబ్బుల మధ్య మంట ఒక్కటే కనిపించిందట. సైనిక విచారణ తప్పదనుకుంటూ ఆసుపత్రికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను.

"పిడుగు పడిందని రాసిచ్చేశానులే," అన్నాడు.

"నన్నెందుకు కాపాడారండీ?" అన్నాను.

"నిజం రాస్తే నిన్ను విమానం దింపి కందకాల్లోకి తోస్తారు. అక్కడ మా తమ్ముడున్నాడు. వాడి పక్కన నీ చేతిలో తుపాకీ ఉండటం నాకిష్టం లేదు."

నీ తమ్ముడు